ఎకరం అమ్మే ముందు జబ్బు పూర్తి పేరు తెలుసుకోండి

నరసరావుపేట దగ్గరి ఊరి నుంచి ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది. తమ్ముడికి 32 ఏళ్లు, స్కూలు వ్యాను నడుపుతాడు. రెండు నెలలుగా నీరసం, నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోవడం, ఎడమ డొక్కలో బరువు. గ్యాస్ అనుకుని మాత్రలు మింగాడు. చివరికి రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు 1,86,000, హిమోగ్లోబిన్ 9.8, ప్లేట్‌లెట్లు 6,20,000. స్కానింగులో ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం) బాగా పెరిగి ఉంది. రిపోర్టు కింద ‘సీఎంఎల్ అనుమానం’ అని రాశారు, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, రక్తం క్యాన్సర్లలో ఒక రకం. ఇంట్లో ఏడుపులు. బోన్ మ్యారో (ఎముకల్లోని మూలుగ) మార్పిడి తప్పదని, 25 లక్షలవుతుందని ఎవరో చెప్పారట. ఉన్న ఎకరం బేరానికి పెట్టారు. బ్లడ్ క్యాన్సర్‌కి ఏమేం చికిత్సలున్నాయి, మార్పిడి చేయిస్తే బతుకుతాడా, నా బ్లడ్ గ్రూపు వేరు కదా, నేను మూలుగ ఇవ్వడానికి పనికొస్తానా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, ముందు ఆ పొలం బేరం ఆపించండి. రక్తం జబ్బుల డాక్టరుగా 22 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మీరు రాసిన అంకెలు చూస్తే ఇది సీఎంఎల్ లాగే ఉంది. అదే అని తేలితే మీ తమ్ముడికి కావాల్సింది మార్పిడి కాదు, రోజుకో మాత్ర. ‘తేలితే’ అని ఎందుకంటున్నానో కింద చెబుతాను.

అసలు బ్లడ్ క్యాన్సర్ అనే మాటతోనే నాకు పేచీ. జ్వరం అన్నట్టే అదీను. టైఫాయిడో మలేరియానో డెంగీయో తేలకుండా ‘జ్వరానికి మందేంటి’ అంటే ఎవరైనా ఏం చెబుతారు? రక్తం క్యాన్సర్లలో ఒకదానికి రాత్రికి రాత్రే మందు మొదలుపెట్టాలి, తెల్లారేదాకా ఆగితే మనిషి దక్కకపోవచ్చు. ఇంకోదానికి ఏళ్ల తరబడి ఏ మందూ ఇవ్వకుండా ఊరికే కనిపెట్టి ఉంటాం. ఒకదానికి రెండు మూడేళ్ల కీమో. హెయిరీ సెల్ అని ఒకటుంది, వారం రోజుల క్లాడ్రిబిన్ ఇంజెక్షన్లతో చాలామందికి ఏళ్లపాటు దాని ఊసే ఉండదు. వీటన్నిటినీ ఒకే పేరుతో పిలిచి, ఎదురింటివాళ్ల పిల్లాడికి జరిగిందే మనకీ జరుగుతుందని హడలిపోతాం. తెలిసినవాళ్ల అబ్బాయి బ్లడ్ క్యాన్సర్‌తో రెండు నెలల్లో పోయాడని మీరూ రాశారు. ఆ అబ్బాయికి వచ్చింది అక్యూట్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే రకం అయి ఉంటుంది. సీఎంఎల్‌లో ‘సీ’ అంటే క్రానిక్, నెమ్మదిగా నడిచేది. ఆ ఒక్క అక్షరం దగ్గర కథ మొత్తం మారిపోతుంది.

సీఎంఎల్ ఎందుకొస్తుందో మాకు మిగతా క్యాన్సర్లకన్నా బాగా తెలుసు. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాల్లో ఒక పొట్టి క్రోమోజోమును చూశారు. ఊరి పేరే దానికి పెట్టారు. 1973లో జానెట్ రౌలీ అసలు సంగతి బయటపెట్టింది: 9వ క్రోమోజోము ముక్కా 22వ క్రోమోజోము ముక్కా చోట్లు మార్చుకుంటున్నాయి. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జీన్ పుడుతుంది. మన పొలం మోటారు స్టార్టరు ఆన్‌లోనే ఇరుక్కుపోతే ఎలా ఉంటుందో అలా, మూలుగ తెల్లకణాలను ఆపకుండా తోడిపోస్తూనే ఉంటుంది. ఆ స్టార్టరును కచ్చితంగా పట్టి ఆపే మాత్ర ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది.

నేను చదువుకునే రోజుల్లో సీఎంఎల్ అంటే హైడ్రాక్సీయూరియాతో కౌంట్లు తగ్గిస్తూ, స్తోమత ఉంటే ఇంటర్‌ఫెరాన్ ఇస్తూ, వయసులో ఉన్నవాళ్లకి మార్పిడి కోసం అన్నదమ్ముల్ని వెతుకుతూ నెట్టుకొచ్చేవాళ్లం. మీకు మార్పిడి తప్పదని చెప్పినవాళ్లు ఆ రోజుల మాట చెప్పి ఉంటారు. 2001కి ముందైతే నేనూ అదే చెప్పేవాణ్ని. ఇమాటినిబ్ వాడినవాళ్లను పదేళ్లకు పైగా గమనించిన ప్రధాన పరిశోధనలో పదేళ్ల తర్వాత నూటికి 83 మంది బతికే ఉన్నారు. పోయినవాళ్లలోనూ అందరూ ఈ జబ్బుతో పోలేదు.

ధర సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మన హైదరాబాదు పాత్ర ఉంది. కంపెనీ మందు గ్లివెక్ ఒకప్పుడు నెలకు లక్షా ఇరవై వేల దాకా ఉండేది. హైదరాబాదుకు చెందిన నాట్కో వీనాట్ పేరుతో దాని జనరిక్ తెచ్చింది. ఇంకొన్ని మన కంపెనీలూ తెచ్చాయి. ధర నెలకు పదివేల లోపుకి దిగింది. పేటెంటు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2013 ఏప్రిల్ 1న గ్లివెక్ కంపెనీ నోవార్టిస్ వాదన ఓడిపోయింది. జనరిక్ కదా, పని చేస్తుందా అని నన్ను వారానికి ఇద్దరైనా అడుగుతారు. నా పేషెంట్లలో ఎక్కువమంది దాని మీదే ఉన్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు, మనవల్ని ఎత్తుకుంటున్నారు.

ఇప్పుడు ‘తేలితే’ సంగతి. కౌంటు, ప్లీహం చూసి అనుమానించడం వరకే. తేల్చేది బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్, ఆ కొత్త జీన్ ఉందా, ఎంత ఉంది అని కొలిచే పరీక్ష. అది చేతి రక్తంతోనే చేస్తారు. బోన్ మ్యారో పరీక్ష కూడా ఒక్కసారి చేయించాలి, జబ్బు ఏ దశలో ఉందో తెలియడానికి. పసి కణాలు, మేం బ్లాస్టులంటాం, పదిశాతం లోపే ఉంటే క్రానిక్ దశ. 20 శాతం దాటితే అది బ్లాస్ట్ క్రైసిస్, అక్కడ నేను పైన చెప్పిన ధైర్యం పనికిరాదు. ఎక్కువమంది మొదటి దశలోనే దొరుకుతారు.

బోన్ మ్యారో పరీక్ష అనగానే మనవాళ్లు ‘వెన్నులో సూది గుచ్చితే నడుం పడిపోతుందట’ అంటారు. వెన్నుకు దానితో సంబంధమే లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నడుం కింద వెనక వైపు తగిలే తుంటి ఎముక మీద మత్తు ఇస్తాం. సూది ఎముక చేరాక మూలుగను లాగే ఆ రెండు మూడు సెకన్లు మాత్రం కాలి దాకా గుంజినట్టు ఉంటుంది. అది నిజం, ఏమీ తెలియదని నేను చెప్పను. తర్వాత గట్టిగా కట్టు కట్టి అరగంట వెల్లకిలా పడుకోబెడతాం. మధ్యాహ్నం భోజనానికి మనిషి ఇంట్లో ఉంటాడు. పీసీఆర్ రిపోర్టు వచ్చే ఈ వారం పది రోజులూ హైడ్రాక్సీయూరియా, యూరిక్ యాసిడ్ పెరగకుండా అల్లోప్యూరినాల్ ఇచ్చి నీళ్లు బాగా తాగిస్తారు. ఈలోగా తలనొప్పి తీవ్రంగా వచ్చినా, చూపు మసకబారినా, అంగం గంటల తరబడి గట్టిపడి నొప్పిగా ఉన్నా, మొహమాటపడి దాచకుండా అదే రోజు ఆస్పత్రికి రావాలని తమ్ముడికి చెప్పండి. కౌంటు మరీ పెరిగినప్పుడు వచ్చే ఇబ్బందులివి.

మాత్ర 400 మిల్లీగ్రాములు, రోజూ ఒకే వేళకి, అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి ఖాయం. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం మామూలే. పంపరపనస జాతి పండ్లు, ఊళ్లో ఎవరో ఇచ్చే పొడులు వద్దు. మందు రక్తంలో పెరగడమో తరగడమో చేస్తాయి.

తర్వాత మొత్తం లెక్కంతా పీసీఆర్‌దే. ఆ జీన్ అంకె మూడు నెలలకి 10 శాతం లోపుకి, ఆరు నెలలకి 1 శాతం లోపుకి, ఏడాదికి 0.1 శాతం లోపుకి రావాలి. ఇక్కడ నా తప్పు ఒకటి చెబుతాను. ప్రాక్టీసు కొత్తల్లో ఒక లారీ డ్రైవరుకు పీసీఆర్ మెల్లగా పెరుగుతూ వచ్చింది. జబ్బు మందుకు మొండికేసిందనుకుని, మ్యుటేషన్ (జీన్‌లో కొత్త మార్పు) పరీక్ష రాసి, ఖరీదైన డాసాటినిబ్‌కి మార్చాను. వాళ్లావిడ బయట వరండాలో నర్సుతో అన్నదట, ‘బండి మీదున్నన్నాళ్లూ ఆయన మాత్ర ముట్టడు, డోకొస్తుందని’. నేను ఆయన్ని మాత్ర వేసుకుంటున్నారా అని అడిగాను, వేసుకుంటున్నానన్నాడు. ఎన్ని మిగిలాయో స్ట్రిప్పు చూపించమని అడగలేదు. అప్పట్నుంచీ కొత్త మందు రాసే ముందు పాత స్ట్రిప్పు చేతికి తీసుకుని లెక్కపెడుతున్నాను. మీ తమ్ముడూ డ్రైవరే కాబట్టి ఇది గుర్తుంచుకోండి. రాత్రి భోజనం తర్వాత ఇంట్లో వేసుకోవడం మేలు.

నిజంగా ఇమాటినిబ్ పనిచేయకపోతే డాసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ ఉన్నాయి. డాసాటినిబ్‌తో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరవచ్చు. నిలోటినిబ్‌కి ఖాళీ కడుపు కావాలి, గుండె, షుగరు చూసుకోవాలి. టీ315ఐ అనే మ్యుటేషన్ ఉంటే ఇవేవీ పనిచేయవు, పొనాటినిబ్ లాంటిది కావాలి. ఇవన్నీ అయిపోయాకో, బ్లాస్ట్ క్రైసిస్ వచ్చాకో మార్పిడి మాట. ఏళ్ల తరబడి పీసీఆర్ దాదాపు కనిపించని స్థితిలో ఉన్నవాళ్లకు డాక్టరు కనుసన్నల్లో మందు ఆపి చూస్తున్నాం కూడా, సుమారు సగం మందికి మళ్లీ అవసరం పడటం లేదు. సొంతంగా ఆపడం మాత్రం వేరే కథ. పెళ్లి కాకపోతే సంబంధాలవాళ్లకి ఏం చెప్పాలో మీ ఇష్టం గానీ, మగవాళ్లు ఇమాటినిబ్ వాడుతూ పిల్లల్ని కన్నారు, అది సమస్య కాలేదు. ఆడవాళ్లు మాత్రం గర్భంతో ఉండగా ఈ మందు వాడకూడదు, ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడికి దాదాపు అయిపోయింది. కానీ చికిత్సలన్నీ చెప్పమన్నారు, చదివేవాళ్లలో వేరే రకం ఉన్నవాళ్లూ ఉంటారు.

పైన రాత్రికి రాత్రే మందు మొదలుపెట్టాలి అన్నది ఏపీఎల్ (అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా) గురించి. అక్యూట్ మైలాయిడ్‌లో ఒక రకం, పాత లెక్కలో ఎం3. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద నల్లటి కమిలిన మచ్చలు, ఆడవాళ్లకి ఆగని బహిష్టు. స్మియర్ (గాజుపలక మీద పరిచిన రక్తపు చుక్క) చూసి అనుమానం వచ్చిన క్షణమే, నిర్ధారణ రిపోర్టు కోసం ఆగకుండా, ఏటీఆర్ఏ క్యాప్సూల్స్ మొదలుపెట్టాలి. విటమిన్ ఏ కుటుంబానికి చెందిన మందు. 1985లో షాంఘైలో డాక్టరు వాంగ్ జెన్యీ ఐదేళ్ల పాపకి ఇచ్చి చూశారు. దానికి తోడు ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్, అంటే మన పాషాణమే, శుద్ధి చేసి సెలైన్‌లో ఎక్కిస్తాం. చైనాలోనే హార్బిన్ డాక్టర్లు 1970ల్లో నాటువైద్యుల మందులోంచి పట్టుకున్న సంగతి ఇది. మొదటి వారాలు గట్టెక్కితే, తెల్లకణాలు మరీ ఎక్కువ లేనివాళ్లలో నూటికి 90 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది, మామూలు కీమో లేకుండానే. అన్ని లుకేమియాల్లోకీ ఎక్కువగా నయమయ్యేదీ ఇదే, మొదటి వారంలో ఎక్కువగా చంపేదీ ఇదే. రెండో అభిప్రాయం కోసం రిపోర్టులు పట్టుకుని మూడు ఊళ్లు తిరిగిన ఇంట్లో, నాలుగో రోజు మెదడులో రక్తస్రావమై పాతికేళ్ల కుర్రాడు పోవడం చూశాను. రెండో అభిప్రాయం మంచిదే, మందు మొదలెట్టాక తీసుకోండి. ఇది చదివి ఆర్సెనిక్ ఉందని చెప్పే భస్మాలు మాత్రం మింగకండి. ఆస్పత్రిలో మేం ఆ మందు ఇస్తూ ఈసీజీ, పొటాషియం చూసుకుంటూ కూర్చుంటాం.

పిల్లల్లో ఎక్కువగా వచ్చేది ఏఎల్ఎల్, అంటే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. దీని చరిత్రలో భీమవరం ఉంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలను నడిపించారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 16 మందిలో 10 మందికి కొన్నాళ్లపాటు జబ్బు వెనక్కి తగ్గింది. అంతకుముందు ఏ మందుకూ లుకేమియా అలా తగ్గలేదు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. ఆ మందుకు దగ్గరి చుట్టం మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ ఏఎల్ఎల్ ఉన్న ప్రతి పిల్లవాడి ఇంట్లోనూ ఉంటుంది.

మొదటి నెల విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్, ఆస్పరాజినేజ్. నెలాఖరుకి మూలుగలో మిగిలిన జబ్బును ఎంఆర్‌డీ పరీక్షతో కొలుస్తాం. 0.01 శాతం లోపుంటే మంచి సూచన. మందు మెదడులోకి సరిగా దూరదు కాబట్టి వెన్నులో ఇంజెక్షన్లు కూడా ఉంటాయి. వెన్ను అన్నది ఇక్కడ నిజం. ఆ తర్వాత కొన్ని నెలలు గట్టి కీమో, మళ్లీ దాదాపు రెండేళ్లు ఇంటి దగ్గరి మాత్రలు: రోజూ 6-ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్), వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్. ‘వారానికి ఒక్కసారి’ అన్నది నేను చీటీ మీద ఎర్రసిరాతో రాస్తాను. రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి కౌంట్లు పడిపోయి ప్రాణం పోతుంది. సూర్యాపేట నుంచి వచ్చే ఒక తల్లికి చదువు రాదు. వంటింటి క్యాలెండరులో ఆదివారాలకి ముందుగానే కుంకుమ బొట్లు పెట్టుకుని, మాత్ర వేశాక ఆ బొట్టు మీద పసుపు అద్దేది. రెండేళ్లలో ఒక్క ఆదివారం తప్పలేదు. ఆ క్యాలెండర్లు నాకు తెచ్చి చూపించింది. 6-ఎంపీ కొందరికి కొద్ది మోతాదుకే కౌంట్లు దించేస్తుంది. మనవాళ్లలో ఎన్‌యూడీటీ15 అనే జీన్‌లో తేడా కొంతమందికి ఉంటుంది, పరీక్ష చేయిస్తే ముందే తెలుస్తుంది. పెద్దవాళ్లకి వచ్చే ఏఎల్ఎల్ ఇంత సులువుగా లొంగదు. అందులో ఫిలడెల్ఫియా క్రోమోజోము ఉన్న రకానికి మీ తమ్ముడి మందుల జాతే కీమోతో కలిపి ఇస్తాం.

ఒక మనవి. పిల్లాడు కీళ్లనొప్పులంటున్నాడనో ప్లేట్‌లెట్లు తగ్గాయనో స్మియర్ కూడా చూడకుండా స్టెరాయిడ్లు రాసేస్తారు కొన్నిచోట్ల. లుకేమియా స్టెరాయిడుకి కొన్నాళ్లు తల దించుకుంటుంది. తర్వాత మా దగ్గరకొచ్చేసరికి అసలు జబ్బేంటో మసకబారిపోయి, చికిత్స ఎంత గట్టిగా ఇవ్వాలో తేలక మేం తలలు పట్టుకుంటాం.

ఏఎంఎల్, అంటే ఏపీఎల్ కాని మిగతా అక్యూట్ మైలాయిడ్ రకాలు, నిజంగా కష్టమైనవి. వయసులో ఉన్నవాళ్లకి ఏడు రోజులు సైటారబిన్, మూడు రోజులు డానోరుబిసిన్. నెల రోజులు వార్డులోనే, కౌంట్లు సున్నాకి దగ్గరగా. చాలాసార్లు చంపేది జబ్బు కాదు, ఆ నెలలో వచ్చే ఇన్‌ఫెక్షన్లు, ముఖ్యంగా ఫంగస్. తర్వాత మార్పిడి అవసరమా కాదా అన్నది జన్యుపరీక్షలే చెబుతాయి. 8, 21 క్రోమోజోముల మార్పు ఉండి మందుకు బాగా లొంగితే వెంటనే మార్పిడి అక్కర్లేదు, చెడ్డ మార్పులుంటే తప్పదు. డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లకి ఈ కీమో ఇస్తే మనిషి తట్టుకోడు. అజాసైటిడిన్ ఇంజెక్షన్లకి వెనెటోక్లాక్స్ మాత్రలు కలిపి ఇస్తున్నాం. 2020లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అజాసైటిడిన్ ఒక్కటే ఇస్తే సగం మంది 9.6 నెలలు దాటారు, రెండూ కలిపితే సగం మంది 14.7 నెలలు దాటారు. ఐదు నెలలేనా అంటారు కొడుకులు. ఆ ఐదు నెలలు ఎక్కువ భాగం ఇంట్లో గడుస్తాయా ఆస్పత్రిలోనా అన్నది పెద్దాయన్నే అడగమంటాను. చాలాసార్లు ఆయన్ని తప్ప అందర్నీ అడుగుతారు. పెద్దవాళ్లలో వచ్చే సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా) అయితే కౌంటు లక్ష ఉన్నా, మనిషికి ఇబ్బంది లేకపోతే, మందే ఇవ్వం. మూడు నాలుగు నెలలకోసారి చూసి పంపిస్తాం. క్యాన్సర్ అని చెప్పి మందివ్వకపోవడమేంటని నా మీద కోప్పడి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లున్నారు.

ఇప్పుడు మార్పిడి, మీరు అడిగిన గ్రూపు సంగతి. బ్లడ్ గ్రూపు కలవనక్కర్లేదు. కలవాల్సింది హెచ్ఎల్ఏ, అంటే కణాల మీద ఉండే గుర్తింపు గుర్తులు. ఒకే తల్లిదండ్రుల పిల్లల మధ్య అది పూర్తిగా కలిసే అవకాశం ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు. మార్పిడి కుదిరితే కొన్ని నెలలకి రోగి బ్లడ్ గ్రూపే దాతది అయిపోతుంది. పూర్తిగా కలిసేవాళ్లు లేకపోతే దాత్రి లాంటి మూలకణ దాతల రిజిస్ట్రీల్లో వెతుకుతాం, లేదా సగం కలిసిన అమ్మ, నాన్న, కొడుకు, కూతురు, ఎవరైనా ఇస్తారు. మార్పిడి తర్వాత మూడు, నాలుగు రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చే పద్ధతి వచ్చాక ఈ సగం కలిసిన మార్పిళ్లు బాగా పెరిగాయి. దాతకు ఆపరేషన్ అనుకుంటారు. ఎక్కువగా నాలుగైదు రోజులు చర్మం కింద ఇంజెక్షన్లిచ్చి, ప్లేట్‌లెట్లు తీసే లాంటి మెషీన్ మీద నాలుగైదు గంటలు కూర్చోబెట్టి మూలకణాలు తీస్తాం. ఆ ఇంజెక్షన్ల రోజుల్లో ఒళ్లునొప్పులుంటాయి, అంతే. ‘ఆడపిల్ల ఇస్తే రేపు పిల్లలు పుట్టరేమో’ అని అత్తింటివాళ్లు అడ్డం పడిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. దానికీ దీనికీ సంబంధం లేదు. కష్టమంతా పుచ్చుకున్నవాళ్లదే: మొదటి వంద రోజులు ఆస్పత్రికి దగ్గరగా ఇల్లు తీసుకుని ఉండాలి, దాత కణాలు రోగి చర్మం, పేగులు, కాలేయం మీద దాడి చేసే జీవీహెచ్‌డీ రావచ్చు, చిన్నప్పటి టీకాలన్నీ మళ్లీ వేయించుకోవాలి. మార్పిడి జరిగే అవకాశం ఉన్న రోగికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ముందుగా రక్తం ఇవ్వకూడదు. ప్రేమ కొద్దీ ఇచ్చిన ఆ రక్తం వల్లే తర్వాత వాళ్ల మూలకణాలు నిలబడకపోవచ్చు.

కార్-టీ గురించి వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతున్నాయి కాబట్టి ఒక మాట. రోగి సొంత టీ కణాలు తీసి, ల్యాబులో మార్చి, తిరిగి ఎక్కిస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. విదేశాల్లో కోట్లలో ఉన్నది ఇక్కడ దాదాపు 40 లక్షల దగ్గరికి వచ్చింది. ఇది ముదిరి తిరగబెట్టిన బీ-సెల్ ఏఎల్ఎల్‌కి, లింఫోమాకి (లింఫు గ్రంథుల క్యాన్సర్). సీఎంఎల్‌కి కాదు.

క్యాన్సర్ కాని జబ్బుల్లోనూ ఇదే తికమక. ఏప్లాస్టిక్ ఎనీమియాలో మూలుగ ఎండిపోతుంది, కణాలే తయారు కావు. నలభై ఏళ్ల లోపువాళ్లకి తోబుట్టువు హెచ్ఎల్ఏ కలిస్తే మార్పిడే ముందు. లేకపోతే ఏటీజీ, సైక్లోస్పోరిన్, ఎల్ట్రాంబోపాగ్ అనే మందులు. ఫలితం మూడు నుంచి ఆరు నెలలకి గానీ కనిపించదు, మధ్యలో మానేయకండి. ఐటీపీ అని ఇంకొకటి, ఒంటి రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేస్తుంది, అవి మాత్రమే తగ్గుతాయి. పిల్లల్లో చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. బొప్పాయి ఆకు రసం తాగించాక పెరిగాయని చెబుతారు, తాగించకపోయినా పెరిగేవే. తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసీమియాకి నెలకోసారో రెండుసార్లో రక్తం, పేరుకున్న ఇనుము తీసే డెఫెరాసిరాక్స్, చిన్న వయసులో హెచ్ఎల్ఏ కలిసిన తోబుట్టువు ఉంటే మార్పిడి. జాతకాలు చూపించినట్టే పెళ్లికి ముందు హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకుంటే ఈ జబ్బుతో పిల్లలు పుట్టకుండా ఆపవచ్చు. ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీల్లో కనిపించే సికిల్ సెల్‌కి (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) రోజూ వేసుకునే హైడ్రాక్సీయూరియా చవక మందే, నొప్పి పోట్లను బాగా తగ్గిస్తుంది. 2023లో జీన్ ఎడిటింగ్ చికిత్స కూడా వచ్చింది గానీ ఖరీదు 22 లక్షల డాలర్లు.

కీమో నడుస్తున్న ఇంట్లో ఉండాల్సింది థర్మామీటరు. 100.4 దాటితే పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దామనుకోకండి, అది అర్ధరాత్రయినా సరే బయల్దేరాలి. యాంటీబయాటిక్ గంటలో పడాలి. అక్యూట్ లుకేమియాలో నేను పోగొట్టుకున్నవాళ్లలో కొందరు ఆ ఒక్క రాత్రి దగ్గరే పోయారు.

మీ తమ్ముడి సంగతికొస్తే, హైదరాబాదు పరుగెత్తనక్కర్లేదు. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌లో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఆధార్, రేషన్ కార్డు పట్టుకెళ్లి ఎన్టీఆర్ వైద్యసేవ డెస్కు దగ్గర ఆరోగ్యమిత్రను కలవండి. పరీక్షలు, మాత్రలు ఏవి పథకంలో వస్తాయో, ఏవి చేతి నుంచి పెట్టుకోవాలో ఆ రోజే కాగితం మీద రాయించుకోండి. తెలంగాణవాళ్లకి 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలు. హైదరాబాదు నిమ్స్‌లో చూపించుకునేవాళ్లు సీఎం సహాయనిధి ఎల్‌వోసీకి (చికిత్స ఖర్చుకు ముందే ఇచ్చే హామీ పత్రం) కూడా పెట్టుకోవచ్చు. పీసీఆర్ రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైలులో పెట్టండి. ఒకే ల్యాబులో, ఇంటర్నేషనల్ స్కేల్ అని రాసి ఇచ్చే చోటే చేయించండి, లేకపోతే అంకెల్ని పోల్చలేం.

వ్యాను ఎప్పుడు నడపొచ్చని మీరు అడగలేదు గానీ, మీ తమ్ముడు మొదట అడిగేది అదే. ప్లీహం అంత పెరిగి ఉన్నప్పుడు కడుపు మీద దెబ్బ తగిలితే పగిలే ప్రమాదం ఉంది. ప్లీహం పక్కటెముకల లోపలికి సర్దుకునేదాకా స్టీరింగ్ పట్టొద్దనండి. మందు పడ్డాక చాలామందికి రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. ఈలోగా వ్యానులో పక్కసీట్లో కూర్చుని కొత్త డ్రైవరుకి పిల్లల ఇళ్లు చూపించవచ్చు. పీసీఆర్ అంకె వచ్చాక రాయండి, చూసి చెబుతాను.